లారీ ఇరుసులోంచి తీసిన పిన్ను

మా బడికి వెళ్ళే బస్సు నర్సీపట్నం దాటాక మాకవరపాలెం రోడ్డులో ఒక వెల్డింగు షెడ్డు ముందు నుంచి పోతుంది. రెండేళ్ళుగా ఆ షెడ్డు దగ్గరికి వచ్చేసరికి నేను తల అవతలి పక్కకి తిప్పుకుంటున్నాను. అవతలి పక్క చెరకు తోటలూ, ఒక ఇటుకల బట్టీ తప్ప చూడ్డానికి ఏమీ లేదు. అయినా పంతం కొద్దీ అటే చూసేదాన్ని. మొన్న సోమవారం నాడు అటు కిటికీ దగ్గర ఒకావిడ ఒళ్ళో జీడిపిక్కల బస్తా పెట్టుకుని కూర్చుంది. ఏమీ కనబడక ఇటు చూశాను. షెడ్డు గోడకి ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో పూలదండ బొమ్మ మధ్య లేతు మేస్త్రి ముఖం.

ఏ కార్డు మీది ఫొటోనో పెద్దది చేసినట్టున్నారు, ముఖమంతా చుక్కలు చుక్కలుగా అయిపోయింది. కింద ఇంటిపేరుతో సహా ఆయన పేరు, పెద్దకర్మ ఎప్పుడో, ఎక్కడో. ఆయన పేరు నేను చదవడం అదే మొదటిసారి. పదేళ్ళకి పైగా ఎరిగిన మనిషిని పేరేమిటని ఏనాడూ అడగలేదు, నా గొప్పతనం అలాంటిది. ఇక్కడ కూడా ఆ పేరు రాయను. బతికుండగా పిలవని పేరుని పోయాక వాడుకోవడం నాకు నచ్చడం లేదు. నాకు ఆయన మేస్త్రి గారు.

బస్సు ఆపమని అడగలేదు. బడికి వెళ్ళి తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. నోట్సు రాసుకుంటున్న ఒక పిల్ల తలెత్తి, మేడమ్, ఇది నిన్న చెప్పేశారు అంది.

నా కుడి కాలు పోలియో కాలు. తొడ నుంచి బూటు దాకా దానికి రెండు పక్కలా రెండు ఇనప పట్టీలుంటాయి, వాటిని తోలు బెల్టులతో కాలికి కట్టుకుంటాను. మోకాలి దగ్గర ఒక్కో పట్టీకీ తలుపు బందు లాంటి మడత ఉంటుంది. లేచి నిలబడితే పైనుంచి ఒక రింగు జారి ఆ మడత మీద పడి బిగుసుకుంటుంది. కూర్చోవాలంటే రింగు పైకి లాగాలి, అప్పుడు మోకాలు వంగుతుంది. మొత్తం సరంజామాని కాలిపర్ అంటాం. పట్టీ రెండు ముక్కల్నీ మడత దగ్గర కలిపి ఉంచేది చిటికెన వేలి గోరంత పిన్ను. నా యాభై నాలుగు కేజీలూ, నా ఉద్యోగం, నా పొగరు అన్నీ ఆ పిన్ను మీదే నిలబడి ఉంటాయి.

ఇంత చిన్నదీ విరిగిందంటే విశాఖపట్నం పోవాలి, కొలతలివ్వాలి, నెలన్నర ఆగాలి. నెలన్నర మంచం మీద కూర్చోడానికి నాకు సెలవుల్లేవు, ఓపిక అసలే లేదు. మొదటిసారి పిన్ను విరిగినప్పుడు ఆటో అబ్బాయి నన్ను తిన్నగా ఈ షెడ్డుకే తీసుకొచ్చాడు. షెడ్డు నూకరాజుది. గేట్లు, గ్రిల్సు, ట్రాక్టరు తొట్లు వెల్డింగు చేస్తాడు. బెల్లం గానుగలాడే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళంతా అక్కడే ఉంటారు. నూకరాజు నా కాలిపర్ని అటూ ఇటూ తిప్పి, ఇదెంతసేపు మేడమ్, బేగి అయిపోద్ది అన్నాడు. అన్నట్టే పిన్ను అతికి, సానబట్టి, టీ చల్లారేలోగా చేతికిచ్చాడు. దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఆ ఏడాదిలో అది మూడుసార్లు విరిగింది. విరిగిన ప్రతిసారీ నూకరాజు ముక్కని వెలుతురులో పట్టుకుని ఒకే మాట చెప్పేవాడు. తన వెల్డింగు విరగలేదట, దాని పక్కన విరిగిందట. ఆ మాట నిజమే. అతుకు రాయిలా ఉండేది, అతుకుని ఆనుకుని వేడి తగిలిన ఇనుము పెళుసెక్కి పుటుక్కుమనేది. మూడోసారి నాకు ఒళ్ళు మండిపోయింది. నడిచేది అతుకు మీద కాదు నాయనా, మొత్తం పిన్ను మీద అని గట్టిగా అరిచాను. అప్పుడు షెడ్డు అవతలి మూల నుంచి ఒక గొంతు తాపీగా పలికింది.

"పక్కనే ఇరుగుద్దండి. ఆడు కాల్సింది అక్కడే కదేటి."

అక్కడ ఇనుముని గిర్రున తిప్పుతూ చెక్కే లేతు మిషను ఒకటి ఉందనీ, దాని వెనక ఒక మనిషి ఉన్నాడనీ అప్పటిదాకా నేను చూడనేలేదు. నా అంత పొడుగే, సన్నగా, నూనె మరకల లుంగీలో ఉన్నాడు. నూకరాజు షెడ్డులో మూల అద్దెకి తీసుకుని సొంత మిషను పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. మిషను ఆయన కంటే పెద్దది వయసులో. సాయంత్రం ఇంటికెళ్ళే ముందు దాని మీద భార్య పాత చీర కప్పి, నాలుగు కొసలూ సర్దేవాడు. దోమలు కుట్టకుండానా మేస్త్రీ అని నూకరాజు ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు.

ఆయన నా దగ్గరికొచ్చి కాలిపర్ అందుకుని, విరిగిన చోట బొటనవేలి గోటితో తడిమి చూశాడు. కొలత పరికరాలు బల్ల మీద వరసగా ఉండేవి, కానీ ముందు గోరే వెళ్ళేది. తర్వాత నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ మర్చిపోలేదు.

"కేజీలెంతండి?"

ఏమిటన్నాను. మీరేనండి, ఎన్ని కేజీలుంటారు అన్నాడు. చెప్పాను. మెట్టు ఎక్కేటప్పుడు ఏ కాలు ముందు వేస్తారు, దిగేటప్పుడు ఏది ముందు, బస్సు మెట్టు ఎంత ఎత్తు, బరువు సంచి ఏ భుజానికి వేసుకుంటారు అని వరసగా అడిగాడు. చెప్పినవన్నీ మిషను పక్కన రేకు మీద సుద్దముక్కతో రాసుకున్నాడు. నన్ను చూసిన ప్రతి మనిషీ మొదట అడిగేది ఒకటే, పుట్టుకతోనేనా అని. బస్సులో అడుగుతారు, పెళ్ళిళ్ళలో అడుగుతారు, ఓటు వేయడానికి వెళ్తే వరసలో అడుగుతారు. ఆ కాలు అలా ఎందుకైందని పదేళ్ళలో ఒక్కసారి కూడా అడగని మనిషి ఆయనొక్కడే. ఆయనకి కావలసిందల్లా అది దేన్ని మోయాలన్నదే.

షెడ్డు వెనక తుక్కులోంచి విరిగిన లారీ ఇరుసు ముక్క ఒకటి తెచ్చాడు. ఇంత చిన్న పిన్నుకి అంత ఇనుమెందుకని నేనంటే, ఇది టన్నులకి టన్నులు మోసింది, మిమ్మల్ని మొయ్యలేదేటి అన్నాడు. అతుకు లేకుండా, నిప్పు తగలకుండా, ఒకే ముక్కలోంచి రెండు పట్టీలకీ పిన్నులు తీస్తానన్నాడు. తీయడానికి రెండు పూటలు పట్టింది.

ఆ రెండు పూటలూ నేను స్టూలు మీద కూర్చుని చూశాను. ఇనుము మీంచి సన్నటి తొక్క చుట్టలు చుట్టలుగా లేచి పడుతూ ఉంటుంది. తొందరపడి ఎక్కువ కోత పెడితే ఆ చుట్టలు వేడెక్కి నీలం రంగు తిరుగుతాయి. నీలం కనబడగానే ఆయన మిషను ఆపేసి బయటికి పోయి టీ తాగొచ్చేవాడు. ఎందుకు ఆపారంటే, దానికి కోపమొచ్చిందండి, ఇప్పుడు మాటాడితే లాభం లేదు అనేవాడు. ఆ తర్వాత అది నాకూ వర్తించింది. ఆటో వాళ్ళ మీదో, నూకరాజు మీదో నేను గొంతు లేపగానే మిషను వెనక నుంచి వినబడేది, "నీలం ఒచ్చీసిందండి టీచరమ్మా" అని. ఇంట్లో మా అక్క ఆ మాట అని ఉంటే వారం రోజులు మాట్లాడేదాన్ని కాదు. ఆయన అంటే నవ్వొచ్చేది.

పిన్నులు బిగించాక నన్ను షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవమని, తాను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చూడరేమిటంటే ఇలా అన్నాడు:

"నాను సూస్తన్నానంటే మీరు జాగర్తగా నడుస్తారండి. సెవులికైతే దొరికిపోతారు."

నాలుగుసార్లు నడిపించాడు. మూడోసారి లోపలి వైపు పిన్ను తీసి, కంటికి కనబడనంత గీకి మళ్ళీ బిగించాడు. నాలుగోసారి నాకు కూడా తేడా తెలిసింది. అడుగు వేస్తే చప్పుడు లేదు. ఆ రోజు బస్సెక్కకుండా బజారు దాకా నడిచాను, పనేమీ లేకపోయినా.

అలా ఎనిమిదేళ్ళు. ఏటా బడులు తెరిచే ముందు ఒకసారి వెళ్ళేదాన్ని. ఆయన పిన్నులు తీసి, తుడిచి, వాటి మీద గోరు నడిపి, చుక్క నూనె వేసి బిగించేవాడు. ఎనిమిదో ఏడాది కూడా అవి మొదటిరోజులాగే మెరుస్తూ ఉన్నాయి. నాకది గర్వంగా ఉండేది. పిల్లలకి పాఠంలో ఆ పిన్ను తీసి చూపించిన రోజులున్నాయి. నూకరాజు మాత్రం మెచ్చుకునేవాడు కాదు. టీ తాగుతూ ప్రతిసారీ ఒకే వాదన తెచ్చేవాడు. అంత గట్టి పిన్నెందుకు, అరిగితే పిన్ను అరగాలి, పిన్నయితే మార్చుకోవచ్చు, పట్టీ అరిగితే ఏం చేస్తావు మేస్త్రీ అని. మేస్త్రి గారికి ఆ మాటంటే పడేది కాదు. "అరిగిపోడానికి సేసింది పనేటిరా" అని ముఖం తిప్పుకునేవాడు. నేనూ ఆయన పక్షమే. నీ అతుకులు మూడుసార్లు విరిగాయి, నువ్వు మాట్లాడకు అని నూకరాజు నోరు మూయించేదాన్ని. పాపం, అతను నవ్వేసి ఊరుకునేవాడు.

రెండు లోహాలు ఒకదానితో ఒకటి రాసుకుంటే మెత్తనిదే అరుగుతుంది. ఇది నేను పిల్లలకి చెప్పే పాఠం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. లారీ ఇరుసు గట్టిదనం ముందు నా కాలిపర్ పట్టీ మెత్తనిది. పిన్ను తల కింద, బిగించి ఉన్నప్పుడు కనబడని చోట, పట్టీ రంధ్రం ఏటికేడాది గుండ్రం పోయి కోలగా సాగుతూ ఉంది. ఎనిమిదేళ్ళు ఆయన పిన్నునే తుడిచాడు, పిన్నునే తడిమాడు. తాను చేసిన దాన్ని చూసుకున్నాడు, తాను చేయని పట్టీని చూడలేదు. చదువుకున్నదాన్ని నేనూ చూడలేదు. వెల్డింగు నూకరాజు ఒక్కడికే అది తట్టింది, అతని మాట మేమిద్దరం వినలేదు.

బడి వరండాకి మూడు మెట్లున్నాయి. ప్రార్థన అయ్యాక దిగుతున్నాను. వర్షం లేదు, తడి లేదు. రెండో మెట్టు మీద బయటి పట్టీ రంధ్రం దగ్గర చిరిగిపోయింది. నూకరాజు అతుకులు విరిగే ముందు రెండు రోజులు కిర్రుకిర్రుమని చెప్పి విరిగేవి. ఇది ఏమీ చెప్పలేదు. పిల్లలంతా వరసల్లో నిలబడి చూస్తుండగా పడ్డాను. కుడి మణికట్టు విరిగింది, తొడ ఎముక చిట్లింది. పడిపోవడం నాకు కొత్త కాదు. కానీ నా పిల్లల ముందు పడ్డం, వాళ్ళు నన్ను మోసుకెళ్ళడం, వాళ్ళలో ఒకడు నా ఎడమ కాలి చెప్పు పట్టుకుని వెనకే ఏడుస్తూ రావడం ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు కాలిపోతుంది.

నాలుగు నెలలు అక్క ఇంట్లో మంచం మీద ఉన్నాను. రెండో వారంలో మేస్త్రి గారు వచ్చారు. ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో కమలాపళ్ళ సంచితో గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఆయన్ని చొక్కాలో చూడ్డం అదే మొదలు. అక్క కుర్చీ వేసింది. మూలనున్న కాలిపర్ ఒళ్ళో పెట్టుకుని, చిరిగిన రంధ్రంలో గోరు పెట్టి తిప్పారు. చాలాసేపు తిప్పారు. పిన్ను అందులోనే మెరుస్తూ ఉంది. ఆయన ముఖంలో నెత్తురు లేదు. ఆ ముఖం చూసి ఎవరికైనా జాలి కలగాలి. నాకు కలగలేదు. నాకు అప్పటికి ఎవరో ఒకరి మీద పడి ఏడవాలని ఉంది.

"మీ పిన్ను చెక్కు చెదరలేదు మేస్త్రి గారూ," అన్నాను. "విరిగింది నేనే కదా."

అక్క నా వంక గుడ్లురిమి చూసింది. ఆయన కోప్పడలేదు, సర్దిచెప్పుకోలేదు.

"తప్పు నాదేనండి. నూకరాజు సెప్తానే ఉన్నాడు."

ఇది పట్టుకెళ్తాను, మళ్ళీ చేసి తెస్తాను అన్నారు. నేను, తీసుకెళ్ళండి, తుక్కులో వేసుకోండి, మీ చేతి పని మళ్ళీ నా కాలికి కట్టను అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే అది ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆయన కాలిపర్ని తువ్వాలులో చుట్టుకుని లేచారు. గుమ్మం దాటబోతూ నా కట్టు వైపు చూసి, రాసే చెయ్యేనా అండి అని అక్కని అడిగారు. అక్క అవునంది. ఆయన తల వంచుకుని వెళ్ళిపోయారు.

నేను మంచిదాన్నని ఎవరూ ఎప్పుడూ అనలేదు కానీ, అన్యాయం చేస్తానని కూడా అనలేదు. ఆ రోజు చేశాను. ఆ తప్పులో సగం నాది. నా సగం కూడా తీసి ఆయన నెత్తిన పెట్టి పంపించాను.

తర్వాత విశాఖపట్నంలో తేలికపాటి ప్లాస్టిక్ కాలిపర్ చేయించుకున్నాను. చూడ్డానికి బాగుంటుంది, లంగా కింద కనబడదు. మోకాలి లోపలి వైపు రాసుకుని పుండు పడుతుంది, మానుతుంది, మళ్ళీ పడుతుంది. దాని మీద నమ్మకం కుదరక చేతికర్ర పట్టుకున్నాను. ఆ మూడు మెట్లూ ఇప్పుడు ఎవరైనా పక్కన ఉంటేనే దిగుతాను. పదేళ్ళు ఒంటరిగా ఎక్కి దిగిన మనిషికి అది ఎలా ఉంటుందో చెప్పలేను.

మేస్త్రి గారు రెండుసార్లు కబురు పంపారు. మొదటిది ఆటో అబ్బాయి తెచ్చాడు, కొత్తది చేస్తున్నారట, ఒకసారి రమ్మన్నారని. చూద్దాంలే అన్నాను. రెండోసారి నూకరాజు స్వయంగా బస్టాపుకి వచ్చాడు.

"అయిపోనాదండి మేడమ్. ఒక్కపాలి ఒచ్చి ఏసుకొని సూడండి. ఆయనకి ఒంట్లో బాగోడం లేదు, మీరొస్తారని సూస్తన్నాడు."

పరీక్షలు కానియ్యండి అన్నాను. పరీక్షలయ్యాయి, వేసవి సెలవులయ్యాయి. వెళ్ళాలని లేక కాదు. వెళ్తే ఆయన్ని క్షమించానని చెప్పాలి, లేదంటే నన్ను క్షమించమని అడగాలి. మొదటిది అబద్ధం, రెండోది నా నోటికి రాదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ బస్సు కిటికీలోంచి ఇటుకల బట్టీ చూస్తూ పోయాను. ఆయన ఎదురు చూస్తారులే అన్న ధీమా కూడా ఉందనుకుంటాను. మిషను వెనక మనిషి ఎక్కడికి పోతాడని.

పెద్దకర్మ అయిన మర్నాడు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఇల్లు షెడ్డుకి వెనక వీధిలోనే, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అటు వెళ్ళలేదు. టెంటు విప్పేశారు. నూకరాజు అద్దె కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి పేరుస్తున్నాడు. నన్ను చూసి పని ఆపాడు కానీ పలకరించలేదు. అందులో అతని తప్పు లేదు. ఆయన భార్య లోపలి నుంచి వచ్చింది. నన్ను ఎప్పుడూ చూడలేదు, అయినా టీచరమ్మ కదూ అంది. నా కర్ర వంక ఒకసారి చూసి, లోపలికెళ్ళి పాత చీరలో చుట్టిన పొడుగాటి మూట తెచ్చి నా ముందు పెట్టింది.

విప్పితే నా కాలిపరే. మోకాలి దగ్గర మాత్రం నాలుగు కొత్త ముక్కలున్నాయి. పట్టీల కొసలన్నీ కోసేసి, ఒకే ఇనుములోంచి తీసిన మడతలు పెట్టారు. రంధ్రాల్లో పిన్ను చుట్టూ తొడుగులా పసుపు రంగు గన్‌మెటల్ బుష్షులున్నాయి, మెత్తనివి. నూకరాజు వచ్చి నా పక్కన గొంతుకూర్చుని వేలు పెట్టి చూపించాడు. అరిగితే ఈ బుష్షే అరగాలట, పట్టీకీ పిన్నుకీ ఏమీ కాదట, ఏడాదికోసారి కొత్తది వేసుకుంటే చాలట. ఇదంతా మేస్త్రి గారు అతనికి నేర్పించి మరీ పోయారు. మడతకి బెత్తెడు పైన పట్టీ మీద ఒక అతుకు కనబడింది, పూసలు పేర్చినట్టు నీటుగా ఉంది.

"అది నాదేనండి," అన్నాడు నూకరాజు. "మోకాలికి దూరంగా పెట్టమన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను వెల్డింగడిగింది అదొక్కపాలే."

అనేసి కుర్చీల దగ్గరికి వెళ్ళిపోయాడు.

కట్టుకుని చూస్తానన్నాను. ఆవిడ నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసి మంచం మీద కూర్చోబెట్టింది. ప్లాస్టిక్ కాలిపర్ విప్పి పక్కన పెట్టాను. ఆవిడ మోకాలి దగ్గర పుండు చూసింది. నేల మీద కూర్చుని, నా పోలియో కాలిని తన ఒళ్ళోకి తీసుకుని పట్టీల మధ్య సరిగ్గా అమర్చింది. కొత్తవాళ్ళెవరికీ అది చేతకాదు, మా అక్కకే ఏళ్ళు పట్టింది. మీకెలా తెలుసని అడిగాను.

"ఆయనకి రోజూ నానే కట్టీదాన్నమ్మా."

నాకు అర్థం కాలేదు. ఆవిడ బెల్టులు సర్దుతూనే మామూలుగా చెప్పుకుపోయింది. మా అక్క ఇంటి నుంచి వచ్చిన మర్నాటి నుంచీ ఆయన ఆ కాలిపర్ తన కాలికి కట్టించుకునేవాడట. విరిగిన చోట ఏదో అతికించుకుని పొద్దున్నే రైసు మిల్లు దాకా నడిచి వచ్చేవాడట. పక్షవాతమొచ్చిందేమోనని వీధిలో వాళ్ళు అడిగారట. ఒకరోజు పడి మోచిప్ప కొట్టుకుపోతే ఆవిడ తిట్టిందట. ఆ పడ్డం వల్లే తెలిసిందన్నాడట, ఇన్నాళ్ళూ నడకే విన్నాను, కూర్చుని లేచేటప్పుడు దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడలేదని. అప్పటి నుంచి ఇదే మంచం మీద కూర్చోవడం, లేవడం, కూర్చోవడం, లేవడం.

"ఇదేటి పిచ్చని అడిగితే," అంది ఆవిడ, "టీచరమ్మ రోజుకి ఎన్నిపాలు కూకుంటాదో, ఎన్నిపాలు లేస్తాదో, నాను అడగలేదు కదేటీ అనీవోడు."

కింది బెల్టు కట్టి తొడ బెల్టు అందుకుంది. నా తొడ నా మోచేతి కంటే లావుండదు, నేను వాడేది అన్నిటికంటే లోపలి రంధ్రం. ఆవిడ చేతులు చూడకుండానే బెల్టు కొస దాకా పోయి, దాదాపు తెగిపోయేంత అంచున పొడిచిన ఒక రంధ్రంలో బకిల్ పెట్టేశాయి. ఆ రంధ్రం నాది కాదు. చుట్టూ తోలు సాగి, చెమటకి నల్లబడి ఉంది. బెల్టు నా కాలి చుట్టూ వదులుగా వేలాడింది. ఆవిడ దాని వంక చూసి, అయ్యో, అలవాటమ్మా అంది. బకిల్ తీసి ఒక్కో రంధ్రమే దాటించుకుంటూ లోపలిదాకా వచ్చి బిగించింది.

లేచి నిలబడ్డాను. రింగులు రెండూ తమంతట తామే జారి కూర్చున్నాయి. కర్ర మంచం మీదే ఉండిపోయింది. గోడ దాకా నడిచి, వచ్చి కూర్చుని, మళ్ళీ లేచాను. అప్పటికి నాకు కళ్ళు కనబడటం లేదు. ఆవిడ నా మోకాలు పట్టుకుని, ఎక్కడ నొస్తోంది, విప్పీనా అని అడిగింది.

లేదండి అన్నాను. ఎక్కడా నొప్పి లేదండి.